బిడ్డ నిద్రలో ఉండగా చెవి లెక్క తీయడం: బేరా నుంచి మిషన్ బిగించే దాకా

బేరా అంటే శబ్దానికి శ్రవణ నాడి, మెదడు కాండం ఇచ్చే విద్యుత్ జవాబును తల మీది ఎలక్ట్రోడ్లతో కొలిచే పరీక్ష; ఆ జవాబు గ్రాఫులో అలలుగా (వేవ్) కనిపిస్తుంది. దాని రిపోర్టులు చాలావరకు ఒకే వాక్యంతో ముగుస్తాయి: "రెండు చెవుల్లోనూ 90 డెసిబెల్స్ దాకా ఐదో వేవ్ కనిపించలేదు." ఆ కాగితం పట్టుకుని ఐదు నెలల బిడ్డకు చెవి మిషన్ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత లోటు ఉందో అందులో లేదు. లోటు లోపలి చెవిదా, మధ్య చెవిలో నీరు చేరడం వల్ల వచ్చిందా, నాడిదా అన్నదీ లేదు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల క్లినిక్కుల్లో, ఆస్పత్రుల్లో బేరా యంత్రం ముందు కూర్చునే కొత్త ఆడియాలజిస్టుల (వినికిడి నిపుణుల) కోసం, బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట చికిత్సల డిగ్రీ) చివరి ఏడాది చదివేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. బిడ్డను తీసుకొచ్చే తల్లిదండ్రులు చదివితే రిపోర్టులో ఏం అడగాలో వాళ్లకూ తెలుస్తుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. క్లిక్ శబ్దంతో మాత్రమే తీసిన బేరా చూసి మిషన్ సెట్ చేయకూడదు. క్లిక్‌కి వచ్చే జవాబు ముఖ్యంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ ప్రాంతానిది. 500 హెర్ట్జ్ దగ్గర బిడ్డకు బాగా వినిపిస్తున్నా, అసలు వినిపించకపోయినా క్లిక్ గ్రాఫులో తేడా కనపడకపోవచ్చు.

కొలిచేది ఏమిటి

చెవిలో చిన్న శబ్దం వేస్తే 10 మిల్లీసెకన్ల లోపే శ్రవణ నాడి, దాని వెనక మెదడు కాండంలోని మజిలీలు ఒకదాని తర్వాత ఒకటి స్పందిస్తాయి. 1971లో జ్యూయెట్, విలిస్టన్ ఈ అలలకు రోమన్ అంకెలు ఇచ్చారు. ఇప్పటికీ అవే వాడుతున్నాం. పెద్దవాళ్లలో గట్టి క్లిక్‌కి మొదటి వేవ్ సుమారు 1.5, మూడోది 3.7, ఐదోది 5.6 మిల్లీసెకన్ల దగ్గర వస్తాయి. మొదటిదానికీ ఐదోదానికీ మధ్య పెద్దల్లో 4 మిల్లీసెకన్లు ఉంటే, అప్పుడే పుట్టిన బిడ్డలో 5 దాకా ఉంటుంది. రెండేళ్లు వచ్చేసరికి అది పెద్దవాళ్ల లెక్కకు చేరుతుంది. అందుకే నెలల బిడ్డ గ్రాఫును పెద్దవాళ్ల పట్టికతో పోల్చి "నాడిలో ఆలస్యం" అని రాయొద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే, నిండు నెలలకు పుట్టి ఉంటే ఎంత వయసు ఉండేదో ఆ లెక్క తీసుకోండి.

ఈ అల ఎత్తు ఒక మైక్రోవోల్ట్‌లో సగం కూడా ఉండదు. థ్రెషోల్డ్ (జవాబు కనిపించే అతి తక్కువ శబ్ద స్థాయి) దగ్గరైతే 0.1 కంటే తక్కువే. దాని చుట్టూ మెదడు మామూలు విద్యుత్తు, మెడ కండరాల విద్యుత్తు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి. అందుకే వేల సార్లు శబ్దం వేసి (ఒక్కోసారి తీసినదాన్ని స్వీప్ అంటాం) సగటు తీస్తాం. శబ్దాల సంఖ్య నాలుగింతలు చేస్తే గానీ గోల సగానికి తగ్గదు. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే, కదులుతున్న బిడ్డ మీద పదివేల స్వీప్‌లు తీయడం కంటే ఆ బిడ్డను మళ్లీ నిద్రపుచ్చడానికి పది నిమిషాలు ఆగడం ఎందుకు లాభమో తెలుస్తుంది.

మెదడు పై పొర నుంచి వచ్చే జవాబు వేరు. అది 50 నుంచి 300 మిల్లీసెకన్ల మధ్య నెమ్మదిగా వస్తుంది, బిడ్డ మేలుకుని ఉన్నప్పుడు తీయాలి. 1939లోనే పౌలీన్ డేవిస్ దీన్ని గుర్తించారు. మిషన్ పెట్టాక పనికొచ్చేది ఇదే. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే సగం పని

కుప్పం నుంచో పలమనేరు నుంచో బస్సులో వచ్చే బిడ్డ దారంతా నిద్రపోయి, క్లినిక్ మెట్లెక్కేసరికి హుషారుగా లేస్తుంది. ఇక మధ్యాహ్నం దాకా కునుకు పట్టదు. ఫోన్‌లోనే స్పష్టంగా చెప్పండి: "అమ్మా, రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టండి, పొద్దున్నే లేపండి, బస్సులో మాత్రం నిద్రపోనీవద్దు. పాలు ఇక్కడికొచ్చి, ఎలక్ట్రోడ్లు అతికించాక ఇద్దురుగాని." తోడుగా ఇంకొకరిని తెచ్చుకోమనండి. దారిలో బిడ్డను ఆడిస్తూ మేలుకొని ఉంచడం తల్లి ఒక్కతే చేయగలిగే పని కాదు.

రెండో మాట నూనె గురించి. పరీక్ష రోజు తలకు, నుదుటికి, చెవుల వెనక నూనె రాయొద్దని చెప్పండి. ముందురోజు తలంటి స్నానం చేయిస్తే మంచిది. చెవిలో నూనె చుక్కలు వేసే అలవాటున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. అవ్వ నొచ్చుకోకుండా అడిగి తెలుసుకోండి. చెవి దారిలో నూనె, గులిమి పేరుకుని ఉంటే ఇన్సర్ట్ ఫోన్ (చెవి దారిలో దూర్చి గొట్టంతో శబ్దం పంపే ఫోన్) కొస మూసుకుపోయి, లేని లోటు కనిపిస్తుంది.

నాలుగు నెలల లోపు బిడ్డలు సాధారణంగా పాలు తాగి వాళ్లంతట వాళ్లే పడుకుంటారు. ఆరు నెలలు దాటాక మందు అవసరం పడొచ్చు. ట్రైక్లోఫాస్ లాంటి నిద్రమందు పిల్లల డాక్టరు బరువు చూసి రాయాలి, ఆక్సిజన్ కొలిచే క్లిప్పు వేలికి ఉండాలి, ఊపిరి ఇబ్బంది వస్తే చూసుకునే మనిషి, పరికరాలు పక్కనే ఉండాలి. అవి లేని గదిలో నిద్రమందుతో బేరా చేయొద్దు. ఇంట్లోనే తాగించి తీసుకురమ్మని చెప్పడం మరీ ప్రమాదం. దారిలో బిడ్డ తల వాలిపోయి ఊపిరి మూసుకుపోవచ్చు.

వచ్చిన వెంటనే అడగాల్సినవి: పుట్టినప్పుడు బరువు, ఏడ్చిందా లేదా, ఎన్ని రోజులు ఐసీయూలో ఉంది, కామెర్లు ఎంతకు పెరిగాయి, రక్తం మార్చారా, తల్లిదండ్రులది మేనరికమా, ఇంట్లో చిన్నప్పటి నుంచి వినపడనివాళ్లు ఉన్నారా. కామెర్ల జవాబు మీద పరీక్ష క్రమమే మారిపోతుంది.

గది, కరెంటు

గ్రాఫులో క్రమం తప్పని పెద్ద అలలు నిండితే అది 50 హెర్ట్జ్ కరెంటు. ముందు చూడాల్సింది ఎర్తింగ్. బేరా యంత్రానికి విడిగా ఎర్త్ గుంత ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ 2 కంటే తక్కువ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి చూడండి. చోక్ ఉన్న ట్యూబులైట్లు, ఫ్యాను రెగ్యులేటరు, ఫోన్ చార్జరు తీసేయండి. తల్లి ఒళ్లో ఉన్న ఫోన్ కూడా గది బయటికే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారితే గోల ఒక్కసారిగా పెరుగుతుంది. లాప్‌టాప్‌తో నడిచే యంత్రమైతే చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపడం మేలు. ఎలక్ట్రోడ్ తీగలను జడలా అల్లి, ఇన్సర్ట్ ఫోన్ తీగలకు, కరెంటు తీగలకు దూరంగా పెట్టండి.

సెకనుకు ఎన్ని శబ్దాలు వేయాలో పెట్టేటప్పుడు 10, 25 లాంటి గుండు అంకెలు వద్దు. అవి 50తో తాళం కలిసి కరెంటు గోలను సగటులో పోగు చేస్తాయి. 21.1, 27.7, 39.1 లాంటివి వాడండి.

ఎండాకాలం చెమట ఇంకో శత్రువు. చెమటతో గ్రాఫు గీత మెల్లగా పైకీ కిందికీ ఊగుతుంది. బిడ్డ రాకముందే ఏసీతో గది చల్లబరిచి, పరీక్ష వేళ దాన్ని ఆపి చూడండి. ఏసీ మోటారు గోల గీతలో పడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. గంగమ్మ జాతర రోజుల్లో మైకులు మోగే వీధిలో క్లినిక్ ఉంటే థ్రెషోల్డ్ పరీక్షలు పెట్టుకోవద్దు. 20 డెసిబెల్స్ శబ్దం ఆ హోరులో కలిసిపోతుంది.

ఎలక్ట్రోడ్లు: తొందర పనికిరాని చోటు

నుదుటి పైభాగంలో, జుట్టు మొదలయ్యే చోట ఒకటి. రెండు చెవుల వెనక ఎముక మీద ఒక్కొక్కటి. నుదుటి కిందభాగంలో గానీ పక్కన గానీ నాలుగోది. పసిబిడ్డ నడినెత్తిన మాడు మెత్తగా ఉంటుంది కాబట్టి అక్కడ నొక్కి రుద్దొద్దు; నుదుటి పైభాగమే చాలు.

సరిగ్గా ఆ చోటే దిష్టి చుక్క ఉంటుంది. చెవి వెనక కూడా కాటుక పెడతారు. పైపైన తుడిస్తే పోయినట్టే కనిపిస్తుంది, కానీ కాటుకలోని ఆముదం చర్మం మీద పొరగా మిగిలి ఇంపిడెన్స్ (ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య విద్యుత్తుకు ఉండే అడ్డు) 15, 20 కిలో ఓంల దగ్గర నిలబడిపోతుంది. ముందు గోరువెచ్చటి నీళ్లలో తడిపిన దూదితో తుడవండి, తర్వాత చర్మం రుద్దే జెల్లును దూదిపుల్లకు తీసుకుని ఒకే దిశలో ఏడెనిమిది సార్లు మెత్తగా రుద్దండి, పొడి దూదితో జెల్లంతా తీసేయండి. చర్మం కొద్దిగా గులాబీ రంగుకు వస్తే చాలు. అప్పుడే పేస్టు పెట్టి ఎలక్ట్రోడ్ అంటించి టేపు వేయండి. తిరుపతిలో ఇంకోటి తరచుగా ఎదురవుతుంది: తలనీలాలు ఇచ్చి కొండ దిగి నేరుగా వచ్చిన బిడ్డ. గుండు ఎలక్ట్రోడ్లకు ఎంతో అనుకూలం, కానీ దాని మీద గంధం పూసి ఉంటుంది. ఎండిన గంధం మీద పేస్టు అతకదు. తడిగుడ్డతో పూర్తిగా కడిగాకే మొదలుపెట్టండి. గీసిన చోట చిన్న గాట్లుంటే రుద్దే జెల్లు మంట పుట్టిస్తుంది, ఆ చోటు వదిలేయండి. కొత్తగా చెవులు కుట్టించి ఉంటే తమ్మెకు క్లిప్పు పెట్టొద్దు. చెవి వెనక ఎముక మీదే పెట్టండి.

ప్రతి ఎలక్ట్రోడ్ ఇంపిడెన్స్ 5 కిలో ఓంల లోపు ఉండాలి. అంతకంటే ముఖ్యం, అవి ఒకదానికొకటి 2 కిలో ఓంలకు మించి తేడా లేకుండా ఉండాలి. అన్నీ 4 దగ్గర ఉండటం, ఒకటి 1, ఒకటి 5 ఉండటం కంటే మంచిది. తేడా ఉంటే రెండు వైపుల నుంచి వచ్చే కరెంటు గోల ఒకదాన్నొకటి కొట్టేసుకోదు.

ఇన్సర్ట్ ఫోన్ గొట్టం గురించి ఒక హెచ్చరిక. పాత గొట్టం పగిలిందని బజారులో దొరికిన గొట్టం ముక్క కోసి తగిలించడం అక్కడక్కడా జరుగుతుంది. ఆ గొట్టం పొడవు క్యాలిబ్రేషన్‌లో భాగం. శబ్దం దాన్ని దాటడానికి సుమారు 0.9 మిల్లీసెకన్లు పడుతుంది. పొడవు మారితే శబ్దం గట్టితనమూ, వేవ్ వచ్చే సమయమూ రెండూ తప్పవుతాయి. కంపెనీ గొట్టమే వేయండి.

నిద్ర ఉన్నంతసేపే సమయం

లెక్క వేసి చూడండి. సెకనుకు 39.1 చొప్పున 4000 స్వీప్‌లకు దాదాపు 1.7 నిమిషాలు. రెండు చెవులు, నాలుగు ఫ్రీక్వెన్సీలు, ఒక్కోదానికి మూడు స్థాయిలు, ప్రతిదీ రెండుసార్లు అంటే 48 గ్రాఫులు, 80 నిమిషాల పైనే. బిడ్డ నిద్ర సాధారణంగా అంత ఉండదు. కాబట్టి ఏ క్షణాన లేచినా అప్పటిదాకా తీసింది మిషన్‌కు పనికొచ్చేలా వరస పెట్టుకోండి.

బిడ్డ మేలుకుని ఉండగానే టింపనోమెట్రీ (కర్ణభేరి కదలిక చూసి మధ్య చెవి సంగతి చెప్పే పరీక్ష). ఆరు నెలల లోపు బిడ్డకు 1000 హెర్ట్జ్ ప్రోబ్ వాడాలి. 226 హెర్ట్జ్‌తో తీస్తే మధ్య చెవిలో నీరున్నా మామూలు గ్రాఫు రావచ్చు. తర్వాత ఓఏఈ: లోపలి చెవిలోని బయటి రోమకణాలు తిరిగి పంపే శబ్దం, 1978లో డేవిడ్ కెంప్ కనిపెట్టింది. రెండూ కలిపి ఐదు నిమిషాల పని.

నిద్ర పట్టగానే 2000 హెర్ట్జ్ టోన్ బర్స్ట్ (ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న పొట్టి శబ్దం) ఒక చెవికి, వెంటనే రెండో చెవికి. తర్వాత 500 హెర్ట్జ్ రెండు చెవులకు. ఆ తర్వాత 4000, చివరగా 1000. ఈ నాలుగు అంకెలు, అంటే రెండు చెవుల 2000, 500 చేతికొస్తే మిషన్ మొదలుపెట్టొచ్చు. మిగతావి ఇంకో రోజు తీయొచ్చు. ఒకే చెవికి నాలుగూ పూర్తి చేసి రెండో చెవి వైపు తిరిగేలోపు బిడ్డ లేస్తే మాత్రం ఆ రోజు చేతికొచ్చేది ఒంటి చెవి లెక్కే.

ఫిల్టర్లు 30 నుంచి 1500 హెర్ట్జ్. గ్రాఫు నిడివి 20 మిల్లీసెకన్ల పైన, 500 హెర్ట్జ్‌కి 24 ఉంటే మేలు, ఎందుకంటే ఆ జవాబు ఆలస్యంగా, వెడల్పుగా వస్తుంది. క్లిక్ గ్రాఫులకు వాడే 100 హెర్ట్జ్ కింది ఫిల్టరు అలాగే వదిలేస్తే పసిపిల్లల జవాబు బాగా కోసుకుపోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. 40 డెసిబెల్స్ దగ్గర మొదలుపెట్టండి. జవాబుంటే కిందికి, లేకపోతే 20 పైకి వెళ్లండి. థ్రెషోల్డ్ దగ్గర పడ్డాక 10 అడుగులతో బిగించండి.

"ఉంది", "లేదు" అనడానికి రూలు కావాలి, కంటి అంచనా చాలదు. రెండు గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పడాలి, వేవ్ ఎత్తు గోల కంటే మూడింతలుండాలి, కనీసం 40 నానోవోల్ట్‌లు ఉండాలి: అప్పుడే "ఉంది". రెండు గ్రాఫుల మధ్య సగటు తేడా 25 నానోవోల్ట్‌లు గానీ అంతకంటే తక్కువ గానీ ఉండి, అందులోనూ అల కనిపించకపోతేనే "లేదు". ఈ రెండూ కానిది "తేలలేదు". గోల నిండిన గ్రాఫులో వేవ్ కనపడకపోతే "రెస్పాన్స్ లేదు" అని రాయడం బిడ్డకు చేసే పెద్ద అన్యాయం. అది తేలలేదు, అంతే. ఒక థ్రెషోల్డ్ చెప్పాలంటే ఆ స్థాయిలో "ఉంది", దాని 10 కింద "లేదు" రెండూ చేతిలో ఉండాలి.

2000 హెర్ట్జ్‌లో లోటు తేలితే ఎముక మీద పెట్టే వైబ్రేటరుతో మళ్లీ తీయండి. చెవి వెనక పైభాగంలో, సాగే పట్టీతో 400 గ్రాముల బిగువు ఉండేలా కట్టాలి. గాలి దారిలో 60, ఎముక దారిలో 20 వస్తే లోటు బయటి, మధ్య చెవులది. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపే కేసు. వైబ్రేటరు 50 డెసిబెల్స్ దాటితే సరిగా పనిచేయదు, కాబట్టి ఎముక దారిలో జవాబు లేకపోవడాన్ని అంతవరకే చదవండి.

100 డెసిబెల్స్ దగ్గర కూడా ఏమీ రాకపోతే అక్కడితో చెవిటితనం అని ముద్ర వేయొద్దు. ఏఎస్‌ఎస్‌ఆర్‌తో ఇంకాస్త పై స్థాయిలు చూడొచ్చు: నిద్రపోయే బిడ్డకు 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య వేగంతో ఊగే శబ్దం వేసి, జవాబు ఉందో లేదో యంత్రమే గణాంకంతో తేలుస్తుంది. అయితే బాగా గట్టి స్థాయిల్లో శబ్దం తాలూకు విద్యుత్తే జవాబులా కనిపించే ప్రమాదం ఉంది. గొట్టం నొక్కి శబ్దం ఆపినా "జవాబు" వస్తుంటే అది బిడ్డది కాదు.

గ్రాఫు ఖాళీగా ఉండి ఓఏఈ బాగుంటే

ఐసీయూలో ఉన్న, కామెర్లు ఎక్కువైన బిడ్డల్లో ఇది తప్పకుండా చూడాలి. 80 లేదా 90 డెసిబెల్స్ క్లిక్‌ను రేర్‌ఫ్యాక్షన్‌తో (గాలిని వెనక్కి లాగే క్లిక్) ఒకసారి, గాలిని ముందుకు నెట్టే కండెన్సేషన్‌తో ఒకసారి విడివిడిగా తీయండి. రెండూ కలిపి మార్చి మార్చి వేసే సెట్టింగులో ఈ ఆనవాలు చెరిగిపోతుంది. మొదటి కొన్ని మిల్లీసెకన్లలో వచ్చే అలలు రెండో గ్రాఫులో అద్దంలో చూసినట్టు తలకిందులైతే అది కాక్లియర్ మైక్రోఫోనిక్, అంటే లోపలి చెవి రోమకణాల విద్యుత్తు. ఇన్సర్ట్ గొట్టాన్ని క్లిప్పుతో నొక్కి మళ్లీ తీయండి. అలలు మాయమైతే చెవివే. అలాగే ఉంటే తీగ నుంచి వచ్చిన విద్యుత్తు.

లోపలి చెవి పనిచేస్తోంది, నాడి దాటేటప్పుడు తాళం తప్పుతోంది అని దీని అర్థం. ఆడిటరీ న్యూరోపతి అంటారు. ఈ బిడ్డల్లో బేరా థ్రెషోల్డ్‌కూ అసలు వినికిడికీ సంబంధం ఉండదు. కొందరికి దాదాపు మామూలుగా వినిపించొచ్చు, కొందరికి ఏమీ వినిపించకపోవచ్చు. బేరా అంకె పెట్టి మిషన్ బిగించడం ఇక్కడ ప్రమాదకరం. బిడ్డ ప్రవర్తన, మెదడు పై పొర జవాబు చూసి నిర్ణయించాలి.

అంకె నుంచి మిషన్‌కు

బేరా అంకె ఎన్‌హెచ్ఎల్‌లో ఉంటుంది, అంటే మామూలు వినికిడి ఉన్న పెద్దవాళ్లకు ఆ పొట్టి శబ్దం వినిపించే స్థాయితో పోల్చిన అంకె. మిషన్ సాఫ్ట్‌వేర్‌కు కావాల్సింది బిడ్డకు నిజంగా వినిపించే స్థాయి అంచనా, ఈహెచ్ఎల్. గాలి దారిలో పసిపిల్లలకు కెనడాలోని ఆంటారియో కార్యక్రమం వాడే తీసివేతలు ఇవి: 500 హెర్ట్జ్‌కి 15, 1000కి 10, 2000కి 5, 4000కి సున్నా. మీ యంత్రం క్యాలిబ్రేషన్‌కు సరిపడే పట్టిక ఏదో ముందే కనుక్కుని గోడకు అంటించుకోండి. ఎముక దారికి పట్టిక వేరు.

ఉదాహరణకు నాలుగు నెలల బిడ్డకు కుడి చెవిలో 500, 1000, 2000, 4000 దగ్గర వరసగా 65, 70, 75, 75 వచ్చాయనుకుందాం. ఈహెచ్ఎల్ 50, 60, 70, 75 అవుతుంది. చదునుగా కనిపించిన లోటు నిజానికి హెచ్చు శబ్దాల వైపు జారుతోంది. తీసివేత మరచి 65ను నేరుగా ఎక్కిస్తే 500 హెర్ట్జ్ దగ్గర అవసరానికి మించి హోరు పెట్టినట్టు. బిడ్డ మిషన్ పీకి పారేస్తుంది. ఇంకో తప్పు: మీరు తీసివేసిన అంకెలు ఎక్కించాక సాఫ్ట్‌వేర్‌లో "ఎన్‌హెచ్ఎల్" అని టిక్కు ఉంటే అది మళ్లీ తీసివేస్తుంది. రెండుసార్లు తగ్గిన బిడ్డకు మాట సరిగా చేరదు, ఎవరికీ ఎందుకో తెలియదు. రిపోర్టు మీద అంకె పక్కనే అది ఎన్‌హెచ్ఎల్లా, ఈహెచ్ఎల్లా అన్నది పెద్ద అక్షరాల్లో రాయండి.

తర్వాత చెవి దారి సైజు. పసిబిడ్డ చెవి దారి చాలా చిన్నది, అదే మిషన్ అందులో పెద్దవాళ్ల చెవిలో కంటే 10 డెసిబెల్స్ దాకా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ గట్టిగా మోగుతుంది. అందుకే ఆర్‌ఈసీడీ, అంటే బిడ్డ చెవికీ కొలత గదికీ (కప్లర్) మధ్య శబ్దంలో ఉండే తేడా, కొలవాలి. బిడ్డ ఇయర్ మోల్డ్ (చెవి కొలతకు చేసిన అచ్చు) కొస కంటే 3, 4 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లేలా సన్నని ప్రోబ్ గొట్టం పెట్టి, అదే శబ్దాన్ని చెవిలోనూ 2 సీసీ కప్లర్‌లోనూ కొలిచి తేడా తీస్తారు. కింది ఫ్రీక్వెన్సీల్లో తేడా సున్నా కంటే కిందికి పోతే మోల్డ్ పక్క నుంచి శబ్దం కారుతోందని అర్థం. జెల్లు కొద్దిగా రాసి మళ్లీ తీయండి. కొలిచే పరికరం లేకపోతే వయసు ప్రకారం సగటు వాడొచ్చు, కానీ "పెద్దవాళ్లు" అన్న సెట్టింగు మీద వదిలేయొద్దు. తేడా చేతికొచ్చాక మిగతా పని కప్లర్‌లోనే జరుగుతుంది, బిడ్డను కూర్చోబెట్టక్కర్లేదు. పిల్లలకు డీఎస్‌ఎల్ లేదా నాల్ సూత్రంతో (లోటును బట్టి మిషన్ ఎంత పెంచాలో చెప్పే లెక్క) 55, 65, 75 డెసిబెల్స్ మాటకు మిషన్ ఎంత ఇస్తోందో చూసి, 90 డెసిబెల్స్ శబ్దానికి పై హద్దు దాటట్లేదని సరిచూడండి.

సాఫ్ట్‌వేర్ తెర మీద "ఫిట్టింగ్ పూర్తయింది" అని వస్తే పూర్తయినట్టు కాదు. ఆ తెర చూపేది కంపెనీ ఊహ. కప్లర్ చూపేది మిషన్ నిజంగా ఇస్తున్నది.

మెత్తటి సిలికాన్ మోల్డ్ వేయించండి. మొదటి ఏడాదిలో బిడ్డ చెవి వేగంగా పెరుగుతుంది, నెలకో రెండు నెలలకో మార్చాల్సి వస్తుంది. మార్చిన ప్రతిసారీ ఆర్‌ఈసీడీ మళ్లీ తీయాలి. బ్యాటరీ తలుపుకు తాళం ఉన్న మిషనే ఇవ్వండి, ఆ బ్యాటరీ మింగితే గొంతు కాలిపోవచ్చు. రాత్రి సిలికా జెల్ డబ్బాలో పెట్టమని చెప్పండి; చెమటకు, చొంగకు గొట్టంలో నీటి చుక్క చేరి మిషన్ మూగబోతుంది.

మిషన్ పెట్టాక మెదడును అడగడం

మిషన్ పెట్టి బేరా ఎందుకు తీయరని అడుగుతారు. క్లిక్, టోన్ బర్స్ట్ మరీ పొట్టివి. మిషన్‌లోని డిజిటల్ లెక్క మాట కోసం తయారైనది, అంత పొట్టి శబ్దాన్ని అది మాటలా పెంచదు. పైగా మిషన్ తనవంతుగా కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం కలుపుతుంది, దాని స్పీకరు విద్యుత్తు ఎలక్ట్రోడ్‌లోకి దూకుతుంది. పై పొర జవాబు వందల మిల్లీసెకన్ల దూరంలో వస్తుంది కాబట్టి ఈ గొడవ తగ్గుతుంది, పైగా మాట ముక్కలతోనే పరీక్షించొచ్చు.

ఆస్ట్రేలియాలోని నాల్ సంస్థ తయారు చేసిన పద్ధతిలో మూడు ధ్వనులు: "మ్" కింది ఫ్రీక్వెన్సీలకు, "గ్" మధ్యకు, "ట్" పైకి. ఒక్కోటి 20, 30 మిల్లీసెకన్ల ముక్క, సెకను పైచిలుకుకు ఒకటి. బిడ్డ తల్లి ఒళ్లో మేలుకుని, ఎదురుగా ఒక మీటరు దూరంలో స్పీకరు, పక్కన చప్పుడు చేయని బొమ్మ గానీ మ్యూట్‌లో వీడియో గానీ. 65 డెసిబెల్స్‌తో మొదలుపెట్టండి, జవాబుంటే 55, లేకపోతే 75. ఒక్కో ధ్వనికి 100 నుంచి 200 మంచి స్వీప్‌లు చాలు, మూడు నాలుగు నిమిషాల పని. పసిబిడ్డలో సుమారు 200 మిల్లీసెకన్ల దగ్గర ఒకే వెడల్పాటి మిట్ట వస్తుంది. పెద్దవాళ్లలోలా మిట్ట, పల్లం, మిట్ట కోసం వెతకొద్దు. కునుకు పడితే ఆపేయండి. నిద్రలో ఈ జవాబు రూపం మారిపోతుంది, ఏడుస్తుంటే గోల తప్ప ఏమీ రాదు.

చదవడం జాగ్రత్తగా చదవాలి. జవాబు ఉంటే ఆ ధ్వని మెదడు దాకా చేరిందని నమ్మొచ్చు. జవాబు లేకపోతే వినిపించలేదని చెప్పలేం. బాగా వినిపించే బిడ్డల్లోనూ కొందరికి రాదు. "మ్", "గ్" 55 దగ్గరే వచ్చి "ట్" 75కి కూడా రాకపోతే ముందు మిషన్ గొట్టంలో చెమ్మ ఉందేమో, మోల్డ్ వదులైందేమో, ఈల రాకుండా సాఫ్ట్‌వేర్ పై ఫ్రీక్వెన్సీలను తొక్కేసిందేమో చూడండి. తర్వాతే గెయిన్ (మిషన్ శబ్దాన్ని పెంచే మోతాదు) పెంచండి. అంతా సరిగా ఉండి, కప్లర్ లెక్క కూడా కలిసి, నెలల తరబడి జవాబు లేకపోతే, ఇంట్లో తల్లి చెప్పేది కూడా అదే అయితే, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే పరికరం) మాట త్వరగా ఎత్తండి. మూడున్నరేళ్ల లోపు ఇంప్లాంట్ పెట్టిన పిల్లల్లో ఈ మిట్ట సమయం వయసుకు తగ్గట్టు దిగుతుందని, ఏడేళ్లు దాటాక చాలామందిలో దిగదని అను శర్మ, ఆమె సహచరులు 2002లో చూపారు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఇంప్లాంట్‌కు వయసు హద్దు ఉంటుంది కాబట్టి నెట్‌వర్క్ ఆస్పత్రిలో వైద్యమిత్ర (పథకం వివరాలు చెప్పే సహాయకుడు) దగ్గర ఆ రోజుకు అమల్లో ఉన్న నిబంధన అడిగి తెలుసుకోండి.

ఆరేడు నెలలకు మెడ నిలిపి కూర్చున్న బిడ్డకు శబ్దం వైపు తల తిప్పే పరీక్ష పెట్టండి. అది బేరాతో కలవకపోతే బేరా పాతది అనుకోండి, మళ్లీ తీయండి. మాట నేర్పే పనికి తిరుపతిలో టీటీడీ నడిపే శ్రవణం కేంద్రం ఉంది, అక్కడ తల్లీబిడ్డలకు కలిపి నేర్పుతారు.

చివరగా, ఫైలు. చిత్తూరు నుంచి వేలూరు దగ్గర కాబట్టి చాలామంది అటు వెళ్తారు, కొందరు తిరుపతికి, కొందరు మైసూరు ఆయిష్‌కు (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ). రిపోర్టు వాక్యం ఒక్కటే ఇచ్చి పంపితే అక్కడ అంతా మొదటి నుంచి, మళ్లీ నిద్రమందుతో సహా. ప్రతి గ్రాఫు ప్రింటు, స్థాయి, స్వీప్‌ల సంఖ్య, వేగం, ఫిల్టరు, ఇంపిడెన్స్, వాడిన తీసివేత పట్టిక, ఆర్‌ఈసీడీ కొలత, మిషన్ మోడలు, మోల్డ్ తేదీ: ఇవన్నీ జిరాక్సు తీసి ప్లాస్టిక్ కవరులో తల్లి చేతికి ఇవ్వండి. ఫోన్‌లో ఫొటో తీసుకోమని కూడా చెప్పండి, కవరు బస్సులో మరచిపోతే అదే దిక్కు.